త ఒత్తు

ఆ కోర్టులో ఆవిణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. ఇరవై ఆరేళ్లుగా సాక్షులు చెప్పింది టైపు చేస్తున్నా కాయితం మీద ఒక్క కొట్టివేత కనిపించదని, ఎవరో గుమస్తా ఎగతాళిగా ‘తప్పులేనమ్మ’ అన్నాడు. ఎగతాళి చేసినవాడు రిటైరై వెళ్లిపోయాడు, పేరు మాత్రం ఉండిపోయింది. కొత్తగా వచ్చిన జడ్జి కూడా “తప్పులేనమ్మగారు వచ్చారా?” అని అడిగేదాకా వచ్చింది. ఆవిడకి లోపల గర్వంగానే ఉండేది. పెళ్లి లేదు, పిల్లల్లేరు, అన్నయ్య ఇంట్లో వెనక గది ఒకటి. చెప్పుకోవడానికి ఆ పేరు తప్ప ఏముంది?

సాక్షి బోనులో నిలబడి మాట్లాడుతుంటే ఆవిడ పక్కన చిన్న బల్ల ముందు కూర్చుని, పెన్సిలుతో, తనకే అర్థమయ్యే పొట్టి రాతలో పుస్తకంలోకి ఎక్కించుకునేది. సాక్షి దిగాక యంత్రం మీద సాపు చేసేది. చివర ‘చదివి వినిపించగా విని, సరిగా ఉందని ఒప్పుకోవడమైనది’ అన్న వాక్యం ఉండాలి. దాన్ని పొద్దున్నే, సాక్షులు రాకముందే, ఖాళీ కాయితాల అడుగున కొట్టి ఉంచుకునేది. చదివి వినిపించే ఓపిక ఎవరికుంది? వకీలుకి ఇంకో కేసు, జడ్జికి భోజనం వేళ, సాక్షికి బస్సు టైము. దాన్ని ఎవరూ అబద్ధం అనరు. ఆఫీసు పద్ధతి అంటారు.

కిందటేడు లారీల షెడ్డు కేసు వచ్చింది. షెడ్డు యజమానినీ, ఎనిమిదేళ్ల కూతుర్నీ షెడ్డు పైగదిలో స్పానర్‌తో కొట్టి చంపారు. షెడ్డులో పనిచేసే మెకానిక్‌ని పట్టుకున్నారు. అంతకు నాలుగు రోజుల ముందే యజమాని అతన్ని పదిమందిలో చెంప మీద కొట్టాడు. స్పానర్ అతనిదే, కాకపోతే షెడ్డులో ఎవరి చేతికైనా అందేదే. మెకానిక్ తరఫున ప్రభుత్వం పెట్టిన వకీలుకి కేసు కట్ట అందింది విచారణ మొదలయ్యే రోజు పొద్దున. చూసినవాళ్లు లేరు, ఏ వేళకి చంపారో డాక్టరూ తేల్చలేదు. షెడ్డు ఎదురుగా టీకొట్టు నడిపే ఆవిడ ఒకతే ముఖ్యమైన సాక్షి.

పిల్ల ఫోటో బల్ల మీద పెట్టిన రోజు తప్పులేనమ్మ ఇంటికొచ్చి కంచం ముందు కూర్చోలేకపోయింది. ఒక కాలికే చెప్పుంది ఫోటోలో.

“వాణ్ణి బజార్లో వేలాడదీయాలి అన్నయ్యా,” అంది.

అన్నయ్య బస్సు కండక్టరుగా చేసి దిగినవాడు. “అసలు విచారణెందుకు, దండగ,” అన్నాడు.

“తేడా వస్తేనో?” వదిన నీళ్ల గ్లాసులు పెడుతూ అంది. “స్టాపు దాటిపోతే తర్వాతి స్టాపులో దిగి వెనక్కొస్తాం. దీనికి వెనక్కొచ్చే బస్సు లేదు కదండీ.”

“నీ మాటకి టిక్కెట్టు కొట్టేవాడు ఎవడూ లేడులే,” అని అన్నయ్య నవ్వాడు. తప్పులేనమ్మ నవ్వలేదు. అయినా ఆ రాత్రికి ఆవిడ అన్నయ్య పక్షమే.

జడ్జి ఉరిశిక్ష వేశాడు. ఉరి వేస్తే పై కోర్టు ఖరారు చేయాలి. అక్కడికి సాక్షులు వెళ్లరు, కాయితాలే వెళతాయి. ఆ ప్రతులు తయారుచేసే పని ఆవిడ మీదే పడింది. ప్రతి సిద్ధమయ్యాక ఒకరు అసలు కాయితం పైకి చదవాలి, ఇంకొకరు ప్రతిలో వేలు పెట్టి చూసుకోవాలి. చదివేవాడు పక్క బల్ల గుమస్తా. సీసా అడుగంత మందం అద్దాలవాడు కాబట్టి అందరికీ ‘చత్వారం’.

“‘ఆ రోజు పొద్దు వాలాక నా కొట్టుకి వచ్చాడు. టీ తాగాడు. ఆ అయ్యనీ కూతుర్నీ చంపేసానన్నాడు. అలా అనకు నాయనా, నోటికేదొస్తే అదేనా అన్నాను. గ్లాసు పెట్టేసి వెళ్లిపోయాడు.’” చత్వారం అద్దాలు నుదుటి మీదికి తోశాడు. “ఏమండోయ్, ఈవిడ గుండె చూశారా? ఇద్దర్ని చంపొచ్చానంటే ‘అలా అనకు నాయనా’ అందట! నాకైతే గ్లాసుతో పాటు ప్రాణమూ జారిపోయేది.”

అతని హాస్యాలకి ఆవిడ అలవాటుగా నవ్వుతుంది. ఈసారి నవ్వు సగంలో ఆగింది.

“ఆ వాక్యం మళ్లీ చదవండి.”

చదివాడు. చంపి వచ్చానన్నవాణ్ణి ఎవరైనా అలా మందలిస్తారా? చంపుతానని ఎగిరేవాణ్ణి మందలిస్తారు. ఇంతమంది చదివారు ఆ నాలుగు మాటల్నీ. వకీళ్లు చదివారు, జడ్జి చదివాడు, తను రెండుసార్లు కొట్టింది.

భోజనం వేళ బీరువా తీసి పాత పుస్తకం వెతికింది. ‘అయ్యనీ కూతుర్నీ చంపేస్తా – అ.’ అన్నాడు అనడానికి ఆవిడ గుర్తు ‘అ’. స కింద త ఒత్తు, పెన్సిలు ఆనించి రాసింది, కాయితం వెనక్కి తేలింది. యంత్రం మీద ఒత్తుకి వేరే మీట ఉంటుంది. ఆ ఒక్క మీట నొక్కలేదు.

వేలు తప్పిందా? ఆ మాట దగ్గరికి వచ్చేసరికి తన పళ్లు బిగుసుకుని ఉండటం ఆవిడకి గుర్తుంది. ఎదురుగా ఆ ఒంటి చెప్పు ఫోటో. ఇరవై ఆరేళ్లలో తప్పని వేలు ఆ రోజే, ఆ మాట దగ్గరే ఎందుకు తప్పింది? చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంది.

తీర్పు తిరగేసింది. ‘చంపిన వెంటనే, పశ్చాత్తాపమన్నది లేకుండా, టీ తాగుతూ చెప్పుకున్నాడు’ అని మూడు చోట్ల ఉంది. యావజ్జీవం చాలదనడానికి జడ్జి చూపిన కారణం అదే.

చత్వారానికి చూపించింది. అతను పుస్తకం ముట్టుకోలేదు.

“సంతకాలు పడ్డాయి, ముద్రలు పడ్డాయి. ఆ పుస్తకం ఎప్పుడో చించెయ్యాల్సింది. చించనందుకు మీకే మెమో ఇస్తారు.”

“ఇప్పుడు చించమంటారా?”

“నేనేం చూడలేదు, మీరేం చూపించలేదు,” అని అతను అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

సాయంత్రం అన్నయ్య విని మండిపడ్డాడు. “వాడు చంపలేదని నీకు తెలుసా?”

“తెలీదు.”

“చంపాడని?”

“అదీ తెలీదు.”

“మరి తెలియని దాంట్లో వేలెందుకు పెడతావ్?”

“వేలు ఎప్పుడో పెట్టింది కదండీ,” అంది వదిన వంటగదిలోంచి. “తీయమనండి.”

మర్నాడు పొద్దున ఆవిడ పుస్తకం పట్టుకుని జడ్జి గదిలోకి వెళ్లింది. ఆయన పుస్తకం, వాంగ్మూలం పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. మంచివాడే. ఎవరి మీదా గొంతు పెంచి ఎరగడు.

“నా తీర్పు ఈ ఒక్క మాట మీద నిలబడలేదమ్మా.”

“మరి మూడుసార్లు ఎందుకు రాశారు సార్?”

ఆయన కాయితం మీద బరువుకి పెట్టిన అద్దపుబిళ్ల జరిపాడు.

“సాక్షి నోట మీరు విన్నదేమిటి?”

“పుస్తకంలో ఉన్నదే సార్.”

“పుస్తకం సంగతి కాదు. మీ చెవితో విన్నది.”

ఆవిడ కళ్లు మూసుకుంది. టీకొట్టావిడ గొంతు పట్టుకోవాలని చూసింది. ఎంత వెతికినా నిన్న చత్వారం చదివిన గొంతే పలుకుతోంది.

“నా చెవికి గుర్తు లేదు సార్.”

ఆయన ఆ సమాధానం కూడా రాసుకున్నాడు. పుస్తకం సీలు వేసి కట్టతో పాటు పై కోర్టుకి పంపాడు. అక్కడివాళ్లు ఎలా తీసుకుంటారో తనకి తెలియదన్నాడు. వారంలో మెమో వచ్చింది. ఆవిణ్ణి యంత్రం ముందు నుంచి లేపి రికార్డు గదికి వేశారు. వరండాలో కుర్ర వకీళ్లు పేరు మధ్యలో ఒక ఏత్వం, ఒక అక్షరం తీసేసి ‘తప్పులమ్మ’ అనడం మొదలుపెట్టారు. “పిల్లని చంపినవాడికి ఈవిడ పెద్ద దిక్కు” అని ఎవరో వినపడేలా అన్నారు. ఆవిడకి కోపం రాలేదు. ఆ పిల్ల తండ్రి తరఫు బంధువు ఒకాయన గుమ్మం దగ్గర ఆగి, ఏమీ అనకుండా, చూసి వెళ్లిపోయిన రోజున మాత్రం మధ్యాహ్నం దాకా ఏ కట్టా ముట్టుకోలేకపోయింది.

నాలుగు నెలలకి పై కోర్టు ఆదేశం వచ్చింది. టీకొట్టావిణ్ణి మళ్లీ పిలిచి ఆ ఒక్క మాట అడగాలి. జవాబు వచ్చేదాకా మెకానిక్ జైల్లో ఉరిఖైదీల గదిలోనే ఉంటాడు.

ఆ రోజు టీకొట్టావిడ తొందరగా వచ్చింది. రికార్డు గది ముందు బెంచీ మీద కూర్చుని, తలుపులోంచి చూసి గుర్తుపట్టింది.

“మీరే కదూ అమ్మా, ఆ రోజు రాసుకున్నది?”

“నేనే.”

“ఏడాది దాటిపోయింది. కొట్టుకొచ్చినవాళ్లందరూ అడిగేవారు. చంపేసానన్నాడనే చెప్పుకొచ్చాను, పేపర్లో అలాగే పడిందిగా. ఇప్పుడు కళ్లు మూస్తే వాడు గ్లాసు పట్టుకుని ఆ మాటే అంటాడు. నిన్న నల్లకోటాయన ఒకడొచ్చి, కాదు, చంపేస్తానన్నాడని చెప్పమన్నాడు. ఆ తర్వాత కళ్లు మూస్తే వాడు అదీ అంటున్నాడమ్మా.” ఆవిడ ఇంకొంచెం ముందుకి వంగింది. “ఏం చెప్పమంటారు?”

“మీరు విన్నది చెప్పండి.”

“విన్నది మీరు రాసుకున్నారు కదా. నేను రాసుకోలేదు. మీ పుస్తకంలో ఏముందో చెప్పండి, అదే చెబుతాను.”

తప్పులేనమ్మ నోటి దాకా వచ్చింది మాట. చెబితే అది సాక్ష్యం కాదు, తన మాటే ఇంకొకరి నోట. చెప్పకపోతే ఆ మాట ఇటో అటో పడుతుంది, ఎటు పడితే అటు ఆ మనిషి. ఇంతకీ అతను చంపాడేమో. చంపలేదేమో.

“నేను చెప్పకూడదు,” అంది. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

బంట్రోతు బయటికొచ్చి సాక్షిని కేకేశాడు. టీకొట్టావిడ చీర కొంగు సర్దుకుని లేచింది. రెండడుగులు వేసి, ఇప్పుడైనా చెబుతారేమోనన్నట్టు ఒకసారి తిరిగి చూసింది. తర్వాత కోర్టు హాలు మెట్లెక్కుతూ పెదాలు కదుపుకుంటోంది. పాఠం మరచిపోయినవాళ్లలా ఒక మాట అని చూసి, మళ్లీ ఇంకో మాట అని చూసుకుంటోంది. ఏ మాట దగ్గర ఆగిందో రికార్డు గదిలోకి వినపడలేదు.