బోర్డు ఇంకా అట్టపెట్టె మీదే ఉంది, గ్రేస్ అక్కా

బి పాజిటివ్ ప్లేట్‌లెట్స్ కావాలని నేను పెట్టిన మెసేజ్ ఇంకా గ్రూపుల్లో తిరుగుతోంది.

దయచేసి ఇక ఫార్వర్డ్ చేయకండి.

గ్రేస్ అక్క నిన్న మధ్యాహ్నం చనిపోయింది.

ఈ ఒక్క లైను రాయడానికి పొద్దున్నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. రాస్తే నిజమైపోతుందని భయం.

కబురు వచ్చినప్పుడు నేను హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఉన్నాను. బండి వెనకాల డోనర్. మాణికేశ్వర్ నగర్‌లో ఉండే ఒకాయన, మెసేజ్ చూసి పని మధ్యలో వదిలేసి వచ్చాడు.

అక్క వాళ్ల నాన్నగారు ఫోన్ చేసి, "ఇంక తొందరేం లేదు బాబూ, నిదానంగా రా" అన్నారు.

అంతే అన్నారు.

గ్రీన్ పడింది. వెనక హారన్లు. బండి పక్కకి తీసి ఆపాను.

"లేట్ అయినమా తమ్మీ?" అని వెనక నుంచి అడిగాడు ఆయన. అద్దంలో నా మొహం చూసి అర్థం చేసుకున్నట్టుంది. "వచ్చినం కదా. గాడ దవాఖానల ఇంకెవరికన్నా పనికొస్తదేమో, ఇచ్చి పోత" అన్నాడు.

ఇచ్చే వెళ్లాడు. పేరు కూడా అడగలేదు నేను. అన్నా, ఈ పోస్ట్ మీదాకా వస్తే, మీకు దండం.

అక్కని ఎరగనివాళ్ల కోసం చెప్తున్నాను. మా క్యాంపస్‌లో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేది. పుట్టిపెరిగింది తార్నాకలోనే. కొత్త సిస్టమ్ బిగించాలంటే రీసెర్చ్ స్కాలర్లందరికీ ఆవిడే దిక్కు.

ఒకసారి ల్యాబ్‌కి కొత్త పార్ట్స్ వచ్చాయి. మేమంతా ఎగబడి మదర్‌బోర్డులు తీసి, కేబినెట్లలో పెట్టి, స్క్రూలు కూడా బిగించేశాం. అక్క టీ తాగి వచ్చి చూసి, అన్నీ విప్పించింది.

"పెళ్లిచూపులు కాకముందే కాపురం పెట్టించిన్రా? ముందు బయట పెట్టి, బతికున్నదో లేదో చూడుర్రి. తర్వాతనే లోపలికి."

లోపల్లోపల తిట్టుకుంటూ విప్పాం. వాటిలో ఒకటి నిజంగానే డెడ్ పీస్. బిగించాక తెలిసుంటే తప్పు ర్యామ్‌దా, కేబుల్‌దా అని తలలు పట్టుకునేవాళ్లం.

"మొదలు సక్కగ పెడితే తర్వాత ఏడ్చే పనుండదు."

ఈ మాట అక్క నోట వినని స్కాలర్ మా క్యాంపస్‌లో లేడు.

జ్వరం మొదలైన ఆదివారం, చర్చి అయ్యాక మా రూంకి వచ్చింది. నా థీసిస్ పని కోసం కొత్త సిస్టమ్ బిగించాలి. కడప నుంచి మా అమ్మ వచ్చి ఉంది. అక్క మదర్‌బోర్డు తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీదే పరిచింది. ఇంతలో మా అమ్మ కుంకుమ భరిణెతో తయారు.

"కొత్త వస్తువు కదమ్మా, బొట్టు పెట్టకుంటే ఎట్లా?"

నా పైప్రాణాలు పైనే పోయాయి. అక్క మాత్రం నవ్వి, "పెట్టండమ్మా, కేబినెట్‌కి పెట్టండి. బోర్డుకి వద్దు, పొడి పడితే ఖరాబైతది" అంది. అమ్మ బొట్లు పెట్టడం అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడింది.

అక్కకి ఒక అలవాటు ఉండేది. బోర్డు ముట్టుకునే ముందు ప్రతిసారీ కిటికీ ఊచ పట్టుకునేది. అది చూసి మా అమ్మ ఊరుకుంటుందా?

"ఏమ్మా, మాటిమాటికీ ఆ కిటికీని ముట్టుకుంటాండావు. మీవాళ్లు అట్ల మొక్కుకుంటారా?"

అక్క పడీ పడీ నవ్వింది.

"మొక్కు కాదమ్మా. మన ఒంట్ల కొంచెం కరెంటుంటది. అది ఇనుముకి ఇచ్చేసి ముట్టుకోవాలె. లేకపోతే మనకి తెలవకుండనే మన చెయ్యి తగిలి బోర్డు పోతది."

ప్రాసెసర్ పెట్టింది. ర్యామ్ పెట్టింది. ఫ్యాన్ బిగించింది. ఇక పవర్ ఇచ్చి, స్క్రూడ్రైవర్ కొసతో రెండు పిన్నులు కలిపితే స్టార్ట్ అవుతుంది.

అక్కడ ఆగింది. చెయ్యి వణుకుతోంది.

"జ్వరమొస్తున్నట్టుంది రా. వణికే చేత్తో పిన్నులు కలపొద్దు. తగ్గినాక నేనొచ్చి చేస్తా. నువ్వు ముట్టుకోకు."

ఐసీయూకి మార్చే ముందు కూడా అదే అడిగింది. "స్టార్ట్ చెయ్యలేదు కదా?"

లేదక్కా అన్నాను.

"మంచిది" అంది. నాతో మాట్లాడిన ఆఖరి మాట అది.

అక్కా, మొదలు సక్కగానే పెట్టాం కదా?

మర్నాడే బ్లడ్ టెస్ట్ చేయించాం. డెంగీ అనగానే అడ్మిట్ చేశాం. డాక్టర్లు ఏది చెప్తే అది చేశాం. ఏదీ వదల్లేదు, ఏదీ వెనకా ముందూ చేయలేదు.

అయినా ఏడుస్తున్నాం.

నీ మాట నమ్మినందుకు నాకు నీమీద కోపంగా ఉంది. ఇంకెవరిమీద చూపించాలో తెలియక నీమీదే. అంతా దేవుడి చిత్తం అంటున్నారు వచ్చినవాళ్లు. నాకు ఏమీ అర్థం కావట్లేదు. బోర్డు ఇంకా ఆ అట్టపెట్టె మీదే ఉంది. బతికుందో లేదో కూడా తెలియదు. దాన్ని ముట్టుకునే ధైర్యం నాకు లేదు, వస్తుందని కూడా అనిపించట్లేదు.

నిన్న సాయంత్రం అక్కని ఇంటికి తెచ్చారు. అమ్మ, నేను వెళ్లాం. హాల్లో పడుకోబెట్టారు. అందరూ ప్రార్థన పాటలు పాడుతున్నారు. అమ్మ తిన్నగా అక్క దగ్గరికి వెళ్లలేదు. పక్కనున్న కిటికీ దగ్గరికి వెళ్లి, ఊచ పట్టుకుని, కాసేపు అలాగే నిలబడింది. అప్పుడు వచ్చి అక్క చెయ్యి ముట్టుకుంది.

ఏంటమ్మా ఇది అన్నట్టు చూశాను.

"మనవల్ల ఆ పాపకి ఇంగేమీ కాగూడదు నాయనా" అంది.

నేనూ వెళ్లి కిటికీ పట్టుకున్నాను.

పోయి రా అక్కా. "డిస్‌ప్లే రావట్లేదు, ఒకసారి వస్తావా" అని ఇక ఎవరూ ఫోన్ చేయరు. హాయిగా నిద్రపో.