మిగిల్చిన రోజు

పక్కచేను అత్త అనగానే నాకు ఆవిడ కొంగు గుర్తొస్తుంది. మిరపచేలో దిగకముందే దాన్ని నడుముకు ఒడిలా కట్టేసేది. మా రాజుపాలెం వైపు కోతలకు బదులుకు వెళ్తాం. నేను ఆవిడ చేలో ఒకరోజు కోస్తే, ఆవిడ నా చేలో ఒకరోజు కోస్తుంది.

నాకు చిన్నవాడు పుట్టిన ఏడు అత్త తొమ్మిది రోజులు వచ్చింది. నేను ఒక్కరోజూ వెళ్ళలేకపోయాను. మరుసటి ఏడు పంతం పట్టి ఎనిమిది రోజులు కోశాను. తొమ్మిదో రోజు నన్ను గట్టు మీదే ఆపేసింది.

“ఇంటికి పోవే. ఆ ఒక్కటీ ఉండనీ.”

నాకు కోపమొచ్చింది. “ఏందత్తా, బాకీ పెట్టుకోమంటావా?”

“అదీ తీర్చేస్తే, రేపు నాకు ఒంట్లో బాగలేకపోతే ఏ మొహం పెట్టుకోని పిలిచేది నిన్ను?”

రెండేళ్ళకు మోకాలు వాచి ఫోన్ చేసింది. “ఏమే, నా రోజు ఉందిగా?”

వెంటనే వెళ్ళి పొద్దుగూకేదాకా కోశాను. హమ్మయ్య, తీరిపోయిందనుకున్నాను.

వాపు తగ్గిన వారానికి, పొద్దున్నే నా చేనుకు వెళ్ళేసరికి అత్త సాలులో వంగి కాయలు కోస్తోంది. ఒడి అప్పటికే సగం నిండింది.

మళ్ళీ ఒకరోజు నా మీద పెట్టింది. ఈసారి నాకు కోపం రాలేదు.