అంగట్లో వెలుతురు

ఇంటీరియర్ డిజైన్ చదివానని చెబితే ధర్మవరంలో ఎవరూ ఊరికే వదలరు. మేనత్త కర్టెన్లకు ఏ రంగు బాగుంటుందో చెప్పమంది. పెదనాయన కొత్తింట్లో పొయ్యి ఏ మూలన పెట్టాలో అడిగాడు. అది వాస్తు, నా పని కాదంటే, "మరి అన్ని దుడ్లు పోసి ఏం చదివినావు పాపా?" అన్నాడు. ఇందులోనూ రకాలున్నాయని, వంటిళ్లు చేసేవాళ్లు వేరు, ఆసుపత్రులు చేసేవాళ్లు వేరు, నేను నేర్చుకున్నది అంగళ్లలో వెలుతురు ఎలా ఉండాలన్నది అని ఓపిగ్గా చెప్పేదాన్ని. అంతా విని, "అంటే బల్బులు" అనేవాళ్లు. ఒళ్లు మండేది.

అందరికంటే ఎక్కువ మండించింది మా నాయన. ఆయనది పట్టుచీరల అంగడి. బెంగళూరులో ఒక కంపెనీ నాకు ఉద్యోగం ఇస్తానంది గానీ, మాడ్యులర్ కిచెన్లు గీయాలి. పొద్దున లేస్తే సొరుగులూ అల్మరా తలుపులూ. నాకు ప్రాణం ఒప్పలేదు. మన అంగట్లో లైట్లు నేను పెడతాను, బాగుంటే ఈ ఊళ్లోనే పని చేసుకుంటాను అన్నాను. "సరే, ఒక తూరి చూస్తా. కుదర్లేదా, నోరు మూసుకోని బెంగళూరు పోవాల" అన్నాడు.

మా ఊళ్లో చీర కొనడానికి ఒక పద్ధతి ఉంది. పరుపు మీద కూర్చుని గుట్టగా విప్పించుకుంటారు. నచ్చింది చేతిలోకి తీసుకుని, చెప్పులు వేసుకుని, వీధిలోకి పోయి ఎండలో చూస్తారు. లోపల మామిడిపండు రంగులో ఉన్నది బయట నిమ్మపండు రంగులో కనబడుతుంది. మళ్లీ మొదటికి. తప్పు అంగళ్లవాళ్లదే. జరీ మెరవాలని పసుపు లైట్లు వేలాడదీస్తారు.

అంగడి కొన్నాళ్లు మూయించి, పగటి వెలుతురుకు దగ్గరగా ఉండే లైట్లు పెట్టించాను. భోజనానికి ఇంటికి వెళ్లొచ్చేసరికి, జరీ మెరవడం లేదని నాయన వాటి మధ్యమధ్యలో పాత పసుపు లైట్లు బిగించేశాడు. తీయించాను. మర్నాటికి మళ్లీ ఉన్నాయి. "ఇది అంగడి పాపా, నీ కాలేజీ కాదు" అన్నాడు. కోపం ఆపుకోలేక నేనే నిచ్చెన ఎక్కి పీకేశాను. ఆ తర్వాత నాయన నాతో మాట్లాడటం మానేశాడు.

అంగడి మళ్లీ తెరిచిన రోజు మొదట వచ్చినామె రాయదుర్గం వైపు మనిషి. కూతురి పెళ్లికి కనకాంబరం రంగు చీర ఏరుకుని, అలవాటు ప్రకారం లేచింది.

"బయటికెందుకమ్మా? ఈడ కనపడిందే అసలు రంగు. మా పాప పెట్టిన లైట్లవి" అన్నాడు నాయన. నేను బిత్తరపోయి ఆయన్నే చూశాను.

ఆమె వింటేనా! "అంగడోళ్లు అట్లే అంటార్లే అన్నా" అని వీధిలోకి పోయింది. మండుటెండలో అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఇన్నేళ్ల చదువూ ఆమె చేతిలో ఆడుతోందని నాకు ఏడుపొచ్చింది. లోపలికొచ్చి, "అదే రంగుండాది. కట్టియ్యన్నా" అంది.

నాయన ఇప్పుడైనా మెచ్చుకుంటాడని నిలబడ్డాను. నా వైపు చూడనైనా చూడలేదు. చీర మడతపెడుతూ అన్నాడు.

"ఆ బెంగళూరోళ్లకు ఫోన్ చేసి రానని చెప్పు. ఊరికే కాచుకోనుంటారు."