వస్తే రానీ వదినా

ఇవాళ పొద్దున డాబా మీద బట్టలారేస్తుంటే పక్కింటి కోడలు కనిపించింది. వాళ్ళ డాబా మీద చాప పరుచుకుని, ఫోను ఎదురుగా పిట్టగోడకి ఆనించి, కళ్ళు మూసుకుని ధ్యానంలో కూర్చుంది. నేను చప్పుడు కాకుండా చీర దులిపాను. అంతలోనే ఆ పిల్ల “ఛ, మళ్ళీ పోయింది” అని తొడ మీద ఒక్కటి చరుచుకుంది. పోయింది కరెంటూ కాదు, నెట్టూ కాదు, మనసు. నాకు నవ్వొచ్చింది. ఆ వెనకే మా ఆడపడుచు గుర్తొచ్చింది.

మా ఆయన పోయిన ఏడు నాకు సాయంత్రాలు గడిచేవి కావు. పగలు ఏదో పనిలో పడి వెళ్ళిపోయేది. కొబ్బరితోట నుంచి ఆయన ఇల్లు చేరే వేళకి మాత్రం లోపల ఉండలేక, గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. దోమలు తరిమితే గానీ లోపలికి వెళ్ళేదాన్ని కాదు. దారిన పోయేవాళ్ళు “ఎవరి కోసమండీ?” అని అడిగేవారు. మా ఆయన చెల్లెలు వెనక వీధిలోనే ఉండేది. ఒకరోజు నన్నలా చూసి, “ఇలాగైతే మంచం పడతావు వదినా” అని, రామచంద్రపురంలో కాలవ పక్క హాల్లో జరిగే ధ్యానం క్లాసుకి లాక్కెళ్ళింది. తనకి ధ్యానం మీద పెద్ద నమ్మకమేమీ లేదు. ఒక్కదాన్నే పంపితే సగం దారిలోంచే తిరిగొచ్చేస్తానని తోడొచ్చింది.

కాకినాడ నుంచి వచ్చే మేడం గారు మెత్తటి మనిషి. “ఊపిరి మీద ధ్యాస పెట్టండమ్మా. మనసు ఎటైనా పోతే నెమ్మదిగా మళ్ళీ ఊపిరి దగ్గరికి తెచ్చుకోండి” అన్నారు. నా చదువు మూడో తరగతితో సరి. తెచ్చుకోమన్నారంటే పోవడం తప్పనే కదా అనుకున్నాను. తప్పు చేస్తే ఏం చెయ్యాలో మా అమ్మ చిన్నప్పుడే నేర్పింది. పుస్తకానికి కాలు తగిలినా, నైవేద్యం పెట్టకముందే బూరె నోట్లో వేసుకున్నా చెంపలు వేసుకోవాల్సిందే. అందుకని మనసు పోయినప్పుడల్లా టపటపా చెంపలు వేసుకున్నాను. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేని ఆ హాల్లో నా చెంపలు బాగానే మోగాయి. వెనక వరసలో ఒకాయన నేను దోమల్ని కొడుతున్నాననుకుని “ఎవరైనా కాయిల్ వెలిగించండి బాబూ” అన్నారు.

మేడం గారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. “ఎందుకమ్మా కొట్టుకుంటున్నారు?”

“తప్పయిందండి. మనసు పోయిందండి.”

“నాదీ పోయిందండి ఇందాక. పాల కింద స్టవ్ కట్టేశానో లేదో అని కాకినాడ దాకా వెళ్ళొచ్చింది.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, పాల దగ్గరికి పోవడం వేరు, నా మనసు పోయే చోటు వేరు. ఆ తర్వాత నుంచి చప్పుడు కాకుండా, చెంపలకి వేళ్ళు ఆనించి ఊరుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మా ఆడపడుచు ఉండబట్టలేక అడిగింది. “నేను చూడలేదనుకోకు, చివరిదాకా వేసుకుంటూనే ఉన్నావు. ఎటు పోతుంది వదినా నీ మనసు?”

చెప్పకూడదనే అనుకున్నాను. “మీ అన్నయ్య దగ్గరికి. కళ్ళు మూస్తే చాలు, గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూ కేకేస్తారు. మర్చిపోదామనే కదా వచ్చింది?”

ఆటో వంతెన ఎక్కింది. తను ముక్కు చీదుకుని, కసిరినట్టు అంది. “మా అన్నయ్య ఇంటికొస్తే చెంపలేసుకుంటావా? బతికుండగా ఏనాడైనా వేసుకున్నావా? వస్తే రానీ వదినా. కూర్చోనీ కాసేపు. ఆయనేమన్నా ఒకచోట కుదురుగా కూర్చునే మనిషా? తనే లేచి వెళ్ళిపోతాడు.”

ఆ సాయంత్రం స్టూలు బయట వెయ్యలేదు. వంటింటి గోడకి చేరగిలబడి, నడుం నిటారుగా పెట్టే పని పెట్టుకోకుండా కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. వేళకి ఆయన వచ్చారు. అలవాటుగా చేతులు పైకి లేచాయి. ఒళ్ళో పెట్టేసుకున్నాను. “చారు కాచావా?” అన్నారు. ఒక్కదాని కోసం ఏం కాస్తానండీ, అన్నాను లోలోపలే. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన ఎప్పుడు లేచి వెళ్ళారో తెలియలేదు. చూసుకుంటే ఊపిరి తన పాటికి తను ఆడుతోంది, బయట చీకటి పడింది, నేను నా ఇంట్లోనే ఉన్నాను.

తర్వాత్తర్వాత మా ఆడపడుచు మోకాళ్ళు పట్టేసి, జంగారెడ్డిగూడెంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఫోను చేసినప్పుడల్లా “వస్తున్నాడా?” అని అడుగుతుంది. వస్తున్నారనే చెబుతాను. నిజానికి రావడం బాగా తగ్గింది. మొన్నామధ్య ఆయన గొంతు ఎలా ఉండేదో వెతుక్కోవలసి వచ్చింది. దొరకలేదు. దానికీ చెంపలు వేసుకోలేదు, అలాగే కూర్చున్నాను. వద్దని తోసినంతకాలం గుమ్మం వదలని మనిషి, రమ్మన్నాక మెల్లగా దూరమవుతున్నారు. కాలం ఆయన్ని నా దగ్గర్నుంచి తీసుకుపోవడం, ఆయన పోయిన ఏడు కాదు, ఇప్పుడే మొదలుపెట్టినట్టుంది.