పసుపు పట్టించిన పంది మాంసం

ఒక పూట నేను కంకిపాడు దగ్గర షెడ్డునిండా ఉన్న పందులకు మరణశిక్ష వేసేశాను. పాపం వాటి తప్పేమీ లేదు. తప్పంతా నాది, కొంత మా అమ్మ పెంపకానిది. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి.

అప్పటికి పటమటలో ఆహార పరీక్షలు చేసే ల్యాబులో కొత్తగా చేరాను. రాంబాబు గారనే రైతు తన షెడ్డులో కోసిన పంది మాంసం పట్టుకొచ్చారు. పక్క షెడ్డులో పందులకు జబ్బు చేసిందట. ఈయనవి బాగున్నాయని తేలితేనే అమ్మనిస్తారు, లేదంటే మొత్తం గోతిలోకే.

పరీక్ష ఏమంత కష్టం కాదు. పందికి జబ్బు చేస్తే ఒంట్లో హాప్టోగ్లోబిన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. మాంసం పిండిన రసంలో రసాయనాలు కలిపితే రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే అనుమానం అంత ముదిరినట్టు. పోల్చి చూడ్డానికి ఆరోగ్యమైన పంది మాంసం ముక్క కూడా పక్కన ఉంటుంది. ఈ మాత్రం చదువుకునే వచ్చాను లెండి.

కానీ భవానీపురంలో మా ఇంట్లో చేపైనా కోడైనా ఉప్పూ పసుపూ పట్టించి కడగందే గిన్నెలో పడదు. ఆ పొద్దున అమ్మ నా బ్యాగులో పసుపు పొట్లం పడేసింది.

"ల్యాబులో పసుపెందుకమ్మా?"

"రోగం రొష్టూ అంటకుండా! కడగని మాంసం ముడతారటే ఎవరైనా?"

నిజమే అనిపించింది. కొన్ని ముక్కలు కోసి, శుభ్రంగా ఉప్పూ పసుపూ పట్టించి కడిగాను. ఆరోగ్యమైన ముక్కకు మాత్రం అన్యాయమెందుకని దాన్ని ఇంకాస్త బాగా రుద్దాను. పిండితే రసం పచ్చగా వచ్చింది. పందులకు ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. రసాయనం పోశానో లేదో, గొట్టాలన్నీ ఎర్రగా అయిపోయాయి!

మా పై ఆఫీసరు సుజాత మేడమ్‌కి చెప్పాలా వద్దా? చెప్పాలి. నేనేమో జాలి ఆపుకోలేక నేరుగా వరండాలోకి పరుగెత్తాను.

"రాంబాబు గారూ, గుండె దిటవు చేసుకోండి. మీ పందులకు జబ్బండీ."

"పొద్దున కూడా కుమ్ముకుంటూ తిన్నాయి కదమ్మా!"

"పైకి అలాగే ఉంటాయండీ. లోపల బాగా ముదిరిపోయింది," అన్నాను, పెద్ద డాక్టరులా.

ఆయన బెంచీ మీద కూలబడి భార్యకు ఫోన్ చేశారు. "మనవి కూడా పోయినట్టేనే..." అని భోరుమన్నారు. నాకూ ఏడుపొచ్చింది.

ఆ ఏడుపు విని సుజాత మేడమ్ వచ్చారు. గొట్టాలు చూశారు.

"ఆరోగ్యమైన ముక్కకు ఏ రంగొచ్చింది?"

"అదీ ఎరుపే మేడమ్. దానికీ జబ్బున్నట్టుంది."

"దానికీనా?"

"దానికే ఎక్కువ మేడమ్."

ఆవిడ ట్రే దగ్గరగా తీసుకుని వాసన చూశారు. "ఇదేంటి, వంటింటి వాసనొస్తోంది?"

"కడిగానండీ."

"దేంతో?"

"ఉప్పు... పసుపు..."

"ఓసి నీ దుంపతెగ! పసుపుకి సున్నంలాంటి క్షారం తగిలితే ఎర్రబడదూ? నువ్వు కలిపిన రసాయనం అదేగా!"

నేను తాకని మాంసం ఇంకా ఫ్రిజ్‌లో ఉంది కనుక బతికిపోయాం. మేడమ్ తన చేత్తోనే మళ్లీ పరీక్ష చేశారు. పందులు నిక్షేపంగా ఉన్నాయి. నేను వెళ్లి రాంబాబు గారికి సంగతంతా చెప్పి, చేతులు జోడించి క్షమించమన్నాను. తిడతారనుకున్నాను. ఆయన కళ్లు తుడుచుకుని పెద్దగా నవ్వారు.

"పోన్లేమ్మా. పక్క షెడ్డు సంగతి తెలిసినప్పట్నుంచీ వీటికి దిష్టి తీయించమని మా ఆవిడ ఒకటే పోరు. ఎర్రనీళ్లతో ఆ పని మీరే కానిచ్చేశారు!"

అందుకే, చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా చేతికొచ్చిన ఏ మాంసాన్నీ ఈ జన్మలో ఇక కడగను. ప్రమాణమంటే ప్రమాణమే కనుక, ఆదివారం పూట మా ఇంట్లో చికెన్ కడిగేది మా ఆయనే.