లక్ష్మీనరసమ్మ వదులుకున్న కాఫీ

మా పెద్దమ్మ లక్ష్మీనరసమ్మ రోజుకు ఒక్క పూటే అన్నం తినేది. ఏకాదశి నాడు అదీ లేదు. చిన్న వయసులోనే భర్త పోయాడు. అప్పటి నుంచి పువ్వు లేదు, ఉల్లిపాయ లేదు, పెళ్ళి పందిట్లో ముందు వరసలో చోటు లేదు. అలాంటి బతుకులోకి నడివయసులో కాఫీ వచ్చింది. ఆచారాలు ఏర్పరిచిన పెద్దలకు కాఫీ సంగతి తెలియదు కాబట్టి, భర్త లేని ఆడది దాన్ని తాగకూడదని ఎవరూ చెప్పి పోలేదు. ఆ సందులోంచి ఆమెకు ఒక సుఖం దొరికింది.

మార్కాపురం బజారులో మా మామ ఉమామహేశ్వర్లుకు కిరాణా దుకాణం ఉంది. ఈమె ఆయన అక్క. నా భార్య పార్వతికి పసితనంలోనే తల్లి పోతే ఈ మేనత్తే పెంచింది. నాకు హైస్కూల్లో సైన్సు మాస్టరు ఉద్యోగం దొరికాక దుకాణం వెనక ఇంట్లోనే కాపురం పెట్టాము. వరసకు నాకు పెద్దమ్మ అవుతుంది. నన్ను "నాయనా" అని పిలుస్తుంది.

నంద్యాల నుంచి రైల్లో వచ్చే పచ్చి కాఫీ గింజలను ఆమే చాటలో పోసుకుని ఏరేది. ఇనుప మూకుట్లో తనే వేయించేది. తెల్లవారి స్నానం చేసి, ఇత్తడి ఫిల్టరు ముందు పీట వేసుకుని, డికాక్షన్ చుక్క చుక్కగా దిగుతుంటే చూస్తూ కూర్చునేది. ఆ కాసేపు ఆమెను పలకరించే ధైర్యం ఎవరికీ లేదు. ఎవరైనా వచ్చి అడిగితే "అక్క పూజలో ఉంది, ఆగండి" అనేవాడు మామ. దేవుడి పూజ ఆ తరువాత మొదలయ్యేది.

మా పాపకు ఆరో నెలలో న్యుమోనియా వచ్చింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కలు లోపలికి గుంటలు పడేవి. డాక్టరు మందిచ్చి, చేతులు కడుక్కుని, "చూద్దాం" అన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో తెలుసుకోవడానికే పనికివచ్చింది నా చదువు. పార్వతి పాపను ఒళ్ళో పెట్టుకుని నా ముఖం చూస్తోంది. నేను గోడను చూస్తున్నాను. లక్ష్మీనరసమ్మ ఉత్తరపు వాకిట్లోకి పోయి అమ్మవారి గుడి ఉన్న త్రిపురాంతకం వైపు తిరిగి చేతులు జోడించింది.

"బాలమ్మ తల్లీ, పసిదాన్ని నాకు ఇయ్యి. నా కాఫీ నీకిస్తా. బతికినన్నాళ్ళూ ముట్టను."

పాప బతికింది. ఆనాటి నుంచి ఫిల్టరు అటక ఎక్కింది.

"ఏంది అక్కా నువ్వు," అన్నాడు మామ. "లోకమంతా ఏం మొక్కుకుంటాది? రాచర్ల కొండయ్య కాకరకాయ వదిలినాడు. వాడు పుట్టి బుద్ధెరిగి కాకరకాయ తిన్న పాపాన పోలేదు."

"తినంది ఇస్తే ఆమె ఏం చేసుకుంటాదిరా?" అంది లక్ష్మీనరసమ్మ.

మరునాడే తలనొప్పి మొదలైంది. నుదుటికి శొంఠి గంధం పట్టించి, కొంగు బిగించి కట్టుకుని, చీకటి గదిలో పడుకునేది. చాలా ఏళ్ళ అలవాటు ఒక్కసారిగా మానితే అలాగే ఉంటుందని నాకు తెలుసు. పార్వతి చూడలేక దుకాణంలో దొరికేవన్నీ తెచ్చి పొయ్యి మీద పెట్టింది. జొన్నలు నల్లగా వేయించి పొడికొట్టి కాచింది. లక్ష్మీనరసమ్మ ఒక గుక్క తాగి, "గంజికి సవతి," అంది. చింతగింజలు వేయించి కాస్తే, "నాలుకకు సున్నం కొట్టినట్టుంది," అంది. నల్లమల నుంచి చెంచులు తెచ్చి అమ్మే సుగంధిపాల వేర్లు కాచి బెల్లం వేస్తే కళ్ళు మూసుకుని వాసన చూసింది. "పెండ్లిలో పన్నీరు చల్లినట్టుంది. బాగుంది. కానీ పన్నీరు చల్లించుకుని ఇంటికొస్తారు గానీ తాగుతారా ఎవరన్నా?" ధనియాల కాఫీ ఒక్కటే ఏ మాటా అనకుండా తాగి గ్లాసు ఖాళీ చేసింది. తలనొప్పి మాత్రం తగ్గలేదు.

ఆ వారం సంతకు ఒక తేయాకు కంపెనీ బండి వచ్చింది. గ్రామఫోను పాట పెట్టి, జనం మూగగానే టీ కాచి ఊరికే పోశారు. పోతూ పోతూ మా మామ దుకాణంలో కొన్ని పొట్లాలు ఇచ్చి వెళ్ళారు. మామ ఒకటి తెచ్చి చీకటి గది గడపలో పెట్టాడు.

"అక్కా, ఇది టీ. నువ్వు మొక్కింది కాఫీ. అది గింజ, ఇది ఆకు. ఏం సంబంధం?"

"రెండూ నల్లగనే ఉంటాయి గదరా."

"అట్లంటే బెల్లం పానకమూ నల్లగనే ఉంటాది. మాస్టర్ని అడుగు, సైన్సు చదివినోడు."

ఆమె కొంగు సందులోంచి నా వైపు చూసింది. నొప్పికి కళ్ళు సగం మూతపడి ఉన్నాయి.

"చెట్లే వేరు పెద్దమ్మా," అన్నాను.

అది నిజమే. కాఫీ చెట్టు కుటుంబం వేరు, తేయాకు చెట్టు కుటుంబం వేరు. ఏ వృక్షశాస్త్రం మాస్టరు విన్నా తప్పు పట్టడు.

పార్వతి అల్లం దంచి, పాలు పోసి, బెల్లం వేసి కాచింది. మధ్యాహ్నానికి లక్ష్మీనరసమ్మ నుదుటి కట్టు విప్పి వంటింట్లోకి వచ్చింది. సాయంత్రానికి పాపను ఎత్తుకుని దుకాణం దాకా పోయి వచ్చింది. ఆ తరువాత నెలల్లో ఇంట్లో టీ ఎన్ని రకాలుగా కాచవచ్చో అన్ని రకాలూ చూశాము. వానాకాలం పార్వతి మిరియాలు వేసేది, పండగలకు ఏలక్కాయ. ఒకసారి నాలుగు తులసాకులు కూడా వేసింది. లక్ష్మీనరసమ్మ తాగుతుంటే పాప ఆమె ఒళ్ళో కూర్చుని గ్లాసు అంచు పట్టుకుని లాగేది. "నీకెందుకే? నీ వల్లనే గదా నాకీ ఆకుల నీళ్ళు," అని నవ్వేది.

ఒక్క సంగతి. పీట ఎప్పుడూ ఉత్తరపు వాకిలికి వీపు పెట్టి వేసుకునేది. అంతకుముందు వాకిలికి ఎదురుగా కూర్చునేది. నేను చూశాను. వెలుతురు కళ్ళలో పడుతోందేమో అనుకున్నాను.

వానలకు దారి చెడి దుకాణానికి సరుకు రాక, టీ పొట్లాలు అయిపోయాయి. ఆ సాయంత్రానికి మళ్ళీ తల పట్టుకుంది. మరునాడు నేను పాపకు స్నానం చేయించి తుడుస్తుంటే వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడింది.

"నాయనా, ఒకటి అడుగుతా. చెట్లు వేరన్నావు గదా."

"అవును పెద్దమ్మా."

"చెట్లు వేరైతే తలనొప్పి ఒకటే ఎట్ల అయింది?"

అబద్ధం చెప్పాలని అనిపించలేదు. నిజానికి అంత సూటిగా అడిగినందుకు క్లాసులో తెలివైన పిల్లవాడు లేచి ప్రశ్న వేసినంత సంతోషం కలిగింది. ఆ సంతోషంలోనే చెప్పేశాను. రెండింటిలోనూ ఉండేది ఒకటే పదార్థమనీ, దాన్ని కెఫీన్ అంటారనీ, దానికి అలవాటుపడ్డ తల అది అందకపోతే నొస్తుందనీ. ధనియాల్లో, జొన్నల్లో, సుగంధిపాలలో అది లేదు కాబట్టే అవి పనిచేయలేదనీ.

"ఆ పొద్దే తెలుసునా నీకు?"

"తెలుసు."

ఆమె వంటింట్లోకి పోయి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగి, గూట్లో బోర్లించింది.

తరువాతి వారం పాపకు తట్టు పోసింది. ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు, జ్వరం, దగ్గు. ఆ దగ్గు వింటే నాకు న్యుమోనియా నాటి రాత్రులు గుర్తుకొచ్చేవి. థర్మామీటరు పెట్టడం, దులపడం, మళ్ళీ పెట్టడం. లక్ష్మీనరసమ్మ మాత్రం గడప దాటి లోపలికి రాలేదు. పాప చేతులు చాచి ఏడ్చినా బయట నుంచే, "నా చెయ్యి మంచిది కాదు తల్లీ, మీయమ్మ ఎత్తుకుంటాది," అనేది. నుదుటికి కట్టు, కళ్ళ కింద నలుపు. ఆకు ముట్టలేదు, గింజ ముట్టలేదు.

"పెద్దమ్మా, ఇది అంటువ్యాధి," అన్నాను. "పక్కింటి పిల్లవాడికి పోసింది. పాప వాడితో ఆడుకుంది. అంతే."

"అంటుకునేది లోకంలో అందరికీ అంటుకుంటాదా నాయనా? అంటకుండా ఆపేదెవరు? ఆపేటామెకు నేనిచ్చిన మాట ఏమైంది?"

నా దగ్గర జవాబు ఉంది. పుస్తకంలో ఉన్న జవాబే. కానీ పాప దగ్గినప్పుడల్లా ఆ జవాబు నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆ రోజు చెట్లే వేరు అనకుండా ఉంటే, లేదా మొన్న ఒకటే పదార్థం అనకుండా ఉంటే, ఆమె ఇప్పుడు ఈ గదిలో ఉండేది. పాప ఆమె ఒళ్ళో పడుకునేది. రోగం వచ్చేదే. కానీ ఏడ్చే పిల్లకు ఆ ఒడి దక్కకుండా చేసింది రోగం కాదు.

జ్వరం తగ్గింది. దద్దుర్లు నల్లబడి పొట్టు రాలాయి. అయినా ఆమె పాపను ముట్టుకోలేదు. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని త్రిపురాంతకం బస్సెక్కింది. సాయంత్రం తిరిగివచ్చి, కాళ్ళు కడుక్కుని, నేరుగా వచ్చి పాపను ఎత్తుకుంది. పాప ముందు బిగుసుకుని, ముఖంలోకి చూసి, ఆ తరువాత మెడ పట్టుకుంది.

"అమ్మకు ఏం చెప్పినావు అత్తా?" అని అడిగింది పార్వతి.

"ఏం చెప్తా? తాగినా తల్లీ, క్షమించు అన్నా." నా వైపు తిరిగింది. "తెలియక అని చెప్పేదానికి నోరు రాలేదు నాయనా. టీ తాగిన పొద్దే తలనొప్పి పోయింది గదా, ఆ పొద్దే నాకు అనుమానం. ధనియాల నీళ్ళకు పోనిది ఆకు నీళ్ళకు ఎందుకు పోవాల? అడిగితే నువ్వు నిజం చెప్తావని భయపడి అడగలేదు. నీ మాట చాటున దాక్కున్నా."

"నేనే కదా పెద్దమ్మా ఆ మాట అన్నది."

"అన్నావు. కప్పుకున్నది నేను."

ఆ మాటతో నా భారం తగ్గుతుందని ఆమె అనుకున్నట్టుంది. తగ్గలేదు.

ఆ తరువాత ఆమె నా మాట మీద ఏదీ తాగలేదు. ధనియాల కాఫీలో అది లేదని నేను చెప్పినా, "ఉండు నాయనా, నేనే చూసుకుంటా," అంది. పార్వతి రోజూ ధనియాలు దోరగా వేయించి, కొంచెం శొంఠి చేర్చి పొడిచేసి, పాలూ బెల్లమూ వేసి కాచి ఇచ్చేది. ఈమె కొన్నాళ్ళు తాగి, ఒక పొద్దు కావాలనే మానేసి, సాయంత్రం దాకా తల పట్టుకుని చూసుకుంది. నొప్పి రాలేదు.

"మానినా ఏం కాలేదు. అయితే తాగొచ్చు," అంది. గ్లాసులోకి చూసి చిన్నగా నిట్టూర్చింది. "తాగినా ఏం కాదులే."

సుగంధిపాలకూ అదే పరీక్ష పెట్టింది. జొన్నలకు పెట్టలేదు. "దానికి పరీక్ష కూడా దండగ," అంది.

ఫిల్టరు అటక ఎక్కినప్పటి నుంచి నేను ఇంట్లో కాఫీ తాగలేదు. ఆ వాసన ఆమె ముక్కుకు తగలకూడదని బజారు చివర హోటల్లో తాగి, తమలపాకు నమిలి ఇంటికి వచ్చేవాణ్ని. ఒకనాడు అలాగే వచ్చాను. ఆమె అరుగు మీద పాపకు అన్నం పెడుతోంది. నేను పక్క నుంచి పోతుంటే తల ఎత్తకుండానే అంది:

"ఆ హోటలోడు చికోరీ ఎక్కువ కలుపుతాండాడు నాయనా."

నేను అక్కడే ఆగిపోయాను.

"ఎన్నాళ్ళని ఆకు నముల్తావు? రేపటి నుంచి ఇంట్లో పెట్టుకో. ఫిల్టరు అటక మీద చిలుము పడతాది."

"మీకు కష్టం కదా పెద్దమ్మా."

"కష్టమని కాదు." పాప నోటికి ముద్ద అందించి, మూతి తుడిచింది. ఆ తరువాత మొదటిసారి, చాలా రోజులకు మొదటిసారి, నన్ను అడిగింది. "వాసనలో అది ఉంటాదా నాయనా? సరిగ్గా చెప్పు."

లేదు అని నోటిదాకా వచ్చింది. దాదాపు నిజమే అయిన మాట. ఆమెకు కావలసిన మాట కూడా. ఒకసారి అలాంటి మాటే చెప్పాను.

"డికాక్షన్ దిగేటప్పుడు వచ్చే వాసనలో లేదు పెద్దమ్మా. గింజలు వేయించేటప్పుడు వచ్చే పొగలో మాత్రం రవ్వంత ఉండొచ్చు. ఆ వేడికి కొంచెం ఆవిరిగా పోతుంది."

ఆమె చెయ్యి ముద్ద దగ్గర ఆగింది. నా ముఖం కొంతసేపు చూసింది. ఇంత కన్నా చిన్న జవాబు చెప్పి ఉంటే నమ్మేది కాదేమో.

"పార్వతీ," అని లోపలికి కేకేసింది. "రేపు గింజలు నువ్వే వేయించు. మాడబెట్టొద్దు. వేయించేటప్పుడు నేనూ పాపా దుకాణంలో కూర్చుంటాము."

మరునాడు తెల్లవారి ఫిల్టరు ముందు పీట వేసి ఉంది. ఉత్తరపు వాకిలికి ఎదురుగా. ధనియాల కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, నా కోసం దిగుతున్న డికాక్షన్ చుక్కలను చూస్తూ ఆమె కూర్చుంది. నేను పలకరించలేదు.