గంగయ్య పీతకి మొలిచిన మీసం

అల్లవరం దగ్గర పాయలో కళ్ళుండాల్సిన చోట కాళ్ళు మొలిచిన పీతలు మందలుగా తిరిగేవి. సరే, మందలంటే కొంచెం ఎక్కువైంది. ఒక్కటే. మొలిచింది కూడా కాలు కాదు, మీసం. అంతకన్నా తగ్గించడం కుదరదు.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కొత్తలో ఆ పాయలో పీతలు పట్టే గంగయ్యకి, తనంత తెలివైనవాడు లేడని గట్టి నమ్మకం. ఆ నమ్మకం తప్ప ఆయన దగ్గర వేరే తెలివేమీ కనబడేది కాదు. రైతులు పశువులకి వాతలేసినట్టు, చిన్న పీత దొరికితే ఎడమవైపు వెనక కాలు విరిచి, ఇంక ఇది నాది అని నీళ్ళలో వదిలేసేవాడు. పెంకు విడిచినప్పుడు పీతకి పోయిన కాలు మళ్ళీ మొలుస్తుందని పాయ ఒడ్డున అందరికీ తెలుసు, గంగయ్యకి తప్ప. ఒకరు చెబితే వినే అలవాటు ఆయనకి లేదు.

కుంటి పీత ఒక్కటీ కనబడకపోయేసరికి, తన సొత్తంతా పోలమ్మ ఎత్తుకుపోతోందని కులపెద్ద త్రిమూర్తులుకి ఫిర్యాదు చేశాడు. పోలమ్మకి మొగుడు లేడు, ఆ పాయే బతుకు. "రుజువు తే. నిజమైతే ఆవిణ్ణి పాయలో దిగనివ్వను" అన్నాడు త్రిమూర్తులు.

ఈసారి గంగయ్య ఒక పీతకి ఎడమ కన్ను కాడతో సహా తుంపి వదిలాడు. కాలైతే దానంతటదే ఊడిందంటారు, కన్నుకి ఆ సాకు కుదరదు కదా. ఒంటికన్ను పీత ఎవరి బుట్టలో ఉంటే వాళ్ళే దొంగని ఊరంతా చాటాడు.

వానలు వెళ్ళాక అది పోలమ్మ బుట్టలోనే దొరికింది. గంగయ్య దాన్ని తెచ్చి త్రిమూర్తులు అరుగు మీద పడేశాడు.

"చూడండి. ఎడం కన్నుందా?"

"కన్ను లేదు గానీ, ఇక్కడేదో మొలిచిందిరా."

కన్నుండే చోట, రొయ్యకుండేలాంటిది, కణుపులు కణుపులుగా మీసం ఒకటి లేచి ఊగుతోంది. ఏది ఎక్కడ మొలవాలో ఎరిగిన పీత ఒళ్ళు, ఆ ఒక్కచోటా దారి తప్పింది.

పోలమ్మ పీత వంకా, గంగయ్య మూతి వంకా మార్చి మార్చి చూసింది. "ఆయ్, మీదేనండి బావగారూ. మీ పోలికే వచ్చింది."

అరుగు కింద ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"కన్ను తీసినచోటే ఇంత మొలిస్తే, విరిచిన కాళ్ళు మొలవవా? నీ కుంటి పీతలు కనబడకపోయింది అందుకే" అన్నాడు త్రిమూర్తులు. "ఇది నీదంటే, ఇన్నాళ్ళూ ఈవిడ మీద వేసిన నింద అబద్ధమని నువ్వే ఒప్పుకున్నట్టు. కాదంటే ఈవిడ జోలికి పోకు. నీదేనా?"

గంగయ్య తన మీసం మీదున్న చెయ్యి చప్పున తీసేశాడు.

"నాది కాదండి. నేను ఏ పీత కన్నూ తుంపలేదు, కాలూ విరవలేదు. అసలు ఫిర్యాదన్నదే చెయ్యలేదు."